గారు లేని పేర్లు

గోవిందయ్య విసిరిన కాగితం గాలిలో ఒక మెలిక తిరిగి జయరాం ఒళ్లో పడింది.

"ఏందప్పా ఇది? మూడెకరాల చేను ముప్పై ఎకరాలు చేసినావు. సర్కారు సొమ్ము మీ తాత మూటగట్టి పెట్టిపోయినాడనుకున్నావా?"

జయరాం ఆ కాగితాన్ని తీసి చూసుకుని తల గోక్కున్నాడు. "సున్నా ఎట్ల దూరిందో తెలీలేదన్నా."

"నీ తలకాయలోంచి జారిపడింటుంది. ఆడ అదొక్కటే కదా ఉండేది. దిద్దుకోని రా."

గది గదంతా నవ్వింది. తిట్టు తిన్న జయరాం అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే పాళీ తుడుచుకుని సిరాలో ముంచాడు.

అది పత్తి బేళ్లు దాచుకోవడానికి ఆదోని షావుకారొకాయన కట్టించుకున్న గోదాము. తుంగభద్ర కాలువ కింద పోయే భూముల లెక్క తేల్చడానికి ప్రభుత్వం తాత్కాలికంగా పెట్టిన కచేరీకి ఊళ్లో అంతకంటే మంచి చోటు దొరకలేదు. పక్క గోదాములో ఇంకా పత్తి ఆడుతూనే ఉంది. దూది నూగు ఎత్తు కిటికీలోంచి లేచి వచ్చి సిరాబుడ్లలో వాలేది. నాలుగు పేర్లు రాయడం, పాళీకి పట్టిన నూగు తుడవడం, మళ్లీ నాలుగు పేర్లు రాయడం, ఇదీ అక్కడి గుమాస్తాల పని. ఊరూరా ఎవరి భూమి ఎంత పోతుందో సర్వే కాగితాల్లోంచి ఎత్తి జాబితాలు తయారుచేయాలి. రైతులందరినీ పిలిచి విచారించేది ఆ జాబితాలు పట్టుకునే.

దుర్గప్ప తన కాగితం తీసుకుని లేచాడు. హెడ్ గుమాస్తా గోవిందయ్య అతను వస్తుండటం చూసి బల్ల కింద చాచుకున్న కాళ్లు ముడుచుకున్నాడు. చేతులు పంచెకు తుడుచుకుని రెండు చేతులతో కాగితం అందుకున్నాడు. పైనుంచి కిందిదాకా చూశాడు. ఎక్కడో ఒకచోట ఆయన పెదవి కొస చిన్నగా వంగింది. అంతలోనే సర్దుకుంది.

"పరవాలేదండి దుర్గప్ప గారూ. అట్ల పెట్టి పోండి."

"తప్పులేమన్నా ఉంటే సార్..."

"అబ్బే. తమరు రాసినదాంట్లో తప్పులేముంటాయండి."

దుర్గప్ప వచ్చి తన చోట కూర్చున్నాడు. చేరిన కొత్తలో ఆ 'గారు' చెవిన పడినప్పుడల్లా అతనికి వీపు నిటారుగా అయ్యేది. పెద్దకడుబూరు మాదిగ గేరిలో పుట్టి పదోక్లాసు దాటినవాణ్ని ఆదోని శెట్ల ఇంటి మనిషి గారు అని పిలవడం చిన్న సంగతి కాదు. ఇప్పుడు ఆ మాట వినపడితే గొంతులో నూగు పడ్డట్టు ఉంటోంది. ఆ గదిలో అందరూ ఒకరికొకరు అప్పా, అన్నా. అండి అనే మాట ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఎవరూ వాడరు. దాన్ని ఎక్కడినుంచో అరువు తెచ్చి ఒక్క దుర్గప్ప కోసం అట్టే పెట్టినట్టుంది.

ఈ నెలాఖరుకు అతని పరీక్షా కాలం ముగుస్తుంది. పని వచ్చునని గోవిందయ్య రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. రాదని రాస్తే మళ్లీ పెద్దకడుబూరు చేలలోకి కూలికి పోవాలి. పని వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆ కచేరీలో ఉన్న దారి ఒక్కటే, గోవిందయ్య తిట్లు. జయరాం అట్లా నేర్చుకున్నవాడే. దుర్గప్పకు ఇంతవరకు ఒక్క తిట్టూ దొరకలేదు.

బంట్రోతు భీమన్న గుమ్మంలోంచి తల పెట్టాడు. "దుర్గప్ప గారూ, తమ కోసం ఎవురో వచ్చినారండి."

వీధి కాలువ అవతల తల్లి మద్దమ్మ నిలబడి ఉంది. పత్తి బండిలో వచ్చినట్టుంది, కొంగు మీద దూది. బొడ్లో దోపుకున్న కాగితం మీద ఒక చెయ్యి వేసి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు పట్టుకుని ఉంది.

దుర్గప్ప వెనకాలే గోవిందయ్య కూడా లేచి వచ్చాడు. "తల్లిగారా అండీ? రండమ్మా, లోపలికి రండి. దుర్గప్ప గారూ, అమ్మగారిని ఎండలో నిలబెట్టినారేమి?"

మద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. మళ్లీ ముందుకు చూసింది. ఆమె ఉన్నచోటే వీధి అంచున కూర్చుండిపోయింది.

గోవిందయ్య లోపలికి పోయాక ఆమె అడిగింది.

"ఆ పెద్దాయప్ప ఎవుర్ని పిలిచినాడు నాయనా?"

"నిన్నేమ్మా."

"నిన్ను ఏమని పిలిచినాడు?"

దుర్గప్ప ఆమె కొంగు మీది దూది దులిపాడు.

"గారు అన్నాడు. నేను ఇన్నాను." ఆమె తన చెవిని తానే తడుముకుంది. "నీ అయ్య బతికుంటే నమ్మడు. గేరిలో సెప్తే ఎవురూ నమ్మరు. ముందు ఉచ్చీరమ్మకు సెప్తా, దాని మొగం చూడల్ల."

"కాగితం ఏందిమా?"

అప్పటికిగాని ఆమెకు వచ్చిన పని గుర్తురాలేదు. వంక పక్కన వాళ్లకున్న మాన్యం తుండు, అరెకరా లోపు, అదీ కాలువలో పోతోంది. శుక్రవారం ఎమ్మిగనూరులో విచారణ. దుర్గప్ప చదివి చెప్పాడు. "పేరు పిలుస్తారు. మూడుసార్లు. మూడోసారికి పలక్కుంటే నువ్వు చెప్పుకునేది ఎవరూ వినరు. నష్టపరిహారం వాళ్లు ఎంత రాస్తే అంతే."

"పలుకుతాలే. గౌడు గూడా వస్తాడంట. ఆయప్ప బావి గూడా పోతాందంట, ఇంట్లో కూడు ముట్టడంల్యా." గౌడంటే ఊరి పెద్ద విరుపాక్షప్ప. మద్దమ్మ కూలికి పోయేది ఆయన చేలోకే. "నేను పోతా నాయనా. బండి పోతాది."

కొడుకు మొహం కేసి ఆమె సరిగా చూడను కూడా లేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె నడకలో ఏదో తొందర ఉంది. మోసుకుపోతున్నది ఒలికిపోకముందే ఇల్లు చేరాలన్నట్టు పోయింది.

అతను గుమ్మం ఎక్కేసరికి లోపల జయరాం ఏదో కథ చెబుతున్నాడు. బెంచీ మీద ఒక కాలు పెట్టి, పెళ్లికి పోయి చెప్పులు పోగొట్టుకున్న వాళ్ల మామ లాగా కుంటి చూపిస్తున్నాడు. దుర్గప్ప కనపడగానే కాలు దిగింది. కథ నిలిచిపోయింది.

"రండి. కూర్చోండి."

"చెప్పు, నేనూ వింటా."

"ఏం లేదండి. ఊరికే."

మరునాడు దుర్గప్ప అందరికంటే ముందు వచ్చాడు. భీమన్న గుమ్మం మెట్టు మీద కూర్చుని సిరాబుడ్లు కడుగుతున్నాడు. పక్కన కాగితాల దొంతర. ఒక్కొక్కటే తీసి, సగానికి చింపి, ఉండ చుట్టి బుడ్డి లోపల తిప్పుతున్నాడు. నల్లటి ఉండలు మెట్టు కింద పడుతున్నాయి.

దుర్గప్ప ఆ పక్కనుంచి లోపలికి పోబోయి ఆగాడు. చిరిగిన కాగితం మీద 'గ' తోక పొడుగ్గా కిందికి దిగి ఉంది. హాస్టలులో పంతులు ఎన్నిసార్లు కొట్టినా పోని తోక. అతనిదే.

వంగి దొంతర తీసి చూశాడు. పైదీ అతనిదే, కిందిదీ అతనిదే. గుడేకల్లు, కందనాతి, నందవరం. ఏ ఊరి జాబితా ఏ రోజు రాశాడో అతనికి గుర్తుంది.

"భీమన్నా, ఇవి ఫైల్లో ఉండాల్సినవి. నీ చేతికి ఎట్లొచ్చినాయి?"

"ఫైల్లోవి వేరేనండి. ఇవి తమవి."

"నావంటే?"

"తమరు రాసినవి. జయరామప్ప మాపటేళ కూర్చోని మళ్లా రాస్తాడు కదా, అవి ఫైల్లోకి పోతాయి. ఇవి తుడుచుకోనీకి..." భీమన్న చెయ్యి బుడ్డిలోనే ఆగిపోయింది. తను ఏమన్నాడో అప్పుడు తెలిసొచ్చింది.

"అన్నీనా?"

భీమన్న వీధి కాలువ వైపు చూశాడు.

దుర్గప్ప మెట్టు మీద కూలబడ్డాడు. భీమన్న గబుక్కున లేచాడు. "తమరు కింద కూర్చుంటే ఎట్లండి" అన్నాడు. ఇన్నాళ్లూ కచేరీకి వచ్చింది ఎవరు? ఎండలో నడిచి వచ్చి, వేళ్లు కాయలు కాచేలా రాసి, సాయంత్రం అలిసిపోయి ఇంటికి పోయింది ఎవరు? ఈ గోదాములో అతను రాసిన అక్షరం ఒక్కటైనా నిలవలేదు.

ఒక ముక్క మోకాలి మీద చదును చేసి వెతికాడు. అంకెలు సరిగ్గా ఉన్నాయి. సర్వే నంబర్లు సరిగ్గా ఉన్నాయి. పేర్లు చదివాడు, రెండుసార్లు చదివాడు. తప్పు కనబడలేదు.

జయరాం రాగానే ఆ ముక్క అతని ముందు పెట్టాడు. "ఇందులో తప్పేంది?"

జయరాం భీమన్నను చూశాడు, కాగితాన్ని చూశాడు. "తప్పేం లేదండి."

"మరెందుకు మళ్లీ రాసినావు?"

"గోవిందయ్యన్న రాయమన్నాడండి."

"జయరాం, అండి వద్దు. తప్పు చెప్పు."

జయరాం ఓపిక తెగింది. "మీరు రాసి ఇంటికి పోతారు. నేను దీపం పెట్టేదాకా కూర్చోని అదే రాస్తా. మా ఇంట్లో ఆమె నాతో మాట్లాడక వారమైంది, యాడ తిరిగొస్తాండావో చెప్పు అని. ఎవరికి చెప్పుకునేది?"

"నాకు చెప్పొచ్చు కదా."

"ఎట్ల చెప్పేది? మీరు చేరకముందే దొర మమ్మల్నందర్నీ నిలబెట్టినాడు. కొత్త చట్టం వచ్చింది, కులం ఎత్తి ఒక్క మాట జారినా ఉద్యోగం పోతాది, జైలు గూడా ఉంది, అందరూ గారు పెట్టి మాట్లాడండి అన్నాడు. ఆ తప్పు చెప్పాలంటే..." గొంతు తగ్గించాడు. "మీ పుట్టుక ఎత్తాల్సొస్తాది. నాకు పిల్లలుండారు."

అతను తన చోటికి పోయి కూర్చున్నాడు. దుర్గప్ప ఆ ముక్క చేత పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అక్షరాల్లో పుట్టుక ఎక్కడ కనబడుతుంది? తోకలోనా? చదివినకొద్దీ ఆ కాగితం అతనికి పరాయిదైపోయింది. తన చొక్కా వీపున ఏదో మరక ఉండి, ఊరంతా చూసి, తనకొక్కడికే కనపడనట్టుంది.

గోవిందయ్య వచ్చి, కండువా మడిచి, కుర్చీలో కూర్చోగానే దుర్గప్ప ఎదుట నిలబడ్డాడు.

"సార్, నన్ను తిట్టండి."

"ఏమండీ?"

"నా రాతలో తప్పుంది. మీకు తెలుసు, జయరాంకు తెలుసు, భీమన్నకు గూడా తెలుసు. నాకు తెలీదు. తిట్టి చెప్పండి."

గోవిందయ్య వీధి వైపు, లోపలి గది వైపు చూశాడు. "అట్లాంటి మాట అనొద్దండి. తమర్ని తిట్టడమేమిటి? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"జయరాంను రోజూ తిడతారు."

"వాడు మనవాడండి."

ఆ మాట బల్ల మీద పడి అక్కడే ఉండిపోయింది. అన్న మరుక్షణం గోవిందయ్యకే అది వినపడింది. దుర్గప్పకు కోపం రాలేదు. చెంపదెబ్బ తిన్నవాడికి ముందు శబ్దం, ఆ తర్వాత చాలాసేపటికి మంట తెలిసినట్టు, ఆ మాట తగిలినచోటు అతనికి ఇంకా తెలియలేదు. తలవంచి తన చోటికి వచ్చాడు. పాళీ తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

సాయంత్రం, కచేరీలో అందరూ దొర అని పిలిచే డిప్యూటీ తహశీల్దారు రంగనాయకులు అతన్ని లోపలి గదిలోకి పిలిపించాడు. మంచి మనిషి. కుర్చీ చూపించాడు.

"మిమ్మల్ని ఇక్కడెవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు సార్. ఎవరూ ఏమీ అనలేదు."

"సంతోషం. నాకు కావలసింది అదే." ఆయన నిజంగానే సంతోషించాడు. "గోవిందయ్యతో మాట్లాడాను. మీరు నెమ్మదస్తులు, సమయానికి వస్తారు. పని సంగతే కొంచెం... కర్నూలులో మీవాళ్ల హాస్టలు ఉంది కదా. అక్కడ గుమాస్తా కావాలంటున్నారు. నెలాఖరున నేనే రాసి పంపుతాను. మీకు హాయిగా ఉంటుంది, మీవాళ్ల మధ్య."

దుర్గప్ప చేతులు జోడించి బయటికి వచ్చాడు. కచేరీ నుంచి తనను సాగనంపడం అయిపోయిందనీ, సాగనంపినవాళ్లు కూడా గారు అనే సాగనంపారనీ వీధిలోకి వచ్చాకగాని అర్థం కాలేదు.

విచారణ ముందురోజు జయరాం సామాను లారీతో ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. పెద్దకడుబూరు జాబితా ఒక్కటి మిగిలిపోయింది. గోవిందయ్య చుట్టూ చూశాడు, మరెవరూ ఖాళీగా లేరు. "తమరే కానివ్వండి" అన్నాడు దుర్గప్పతో. దుర్గప్ప తన ఊరి జాబితా తనే రాశాడు. ఇక పోయేవాణ్నే కదా అని ఒక్కొక్క అక్షరం చెక్కినట్టు రాశాడు. తోక కూడా తగ్గించాడు. కట్టలో పెట్టి తాడు బిగించాడు.

శుక్రవారం పొద్దున బడి వరండాలో బల్లలు వేశారు. పక్క సందులో మగ్గాలు టకటకమంటున్నాయి. లారీలో దుమ్ము మింగి భీమన్న గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది. వేపచెట్ల కింద రైతులు అప్పుడప్పుడే దిగుతున్నారు. గోవిందయ్య కట్ట విప్పి పెద్దకడుబూరు జాబితా పైకి తీశాడు. మొదటి పేరు దగ్గరే ఆయన వేలు ఆగింది.

"జయరాం, ఇది తిరగరాయలేదా?"

"నేను నిన్ననే ఈడికొచ్చినా కదన్నా."

గోవిందయ్య రెండో పేజీ తిప్పాడు, మూడోది తిప్పాడు. రైతులు వచ్చేస్తున్నారు. దొర కారు మలుపు తిరుగుతున్న చప్పుడు. ఆయన మెడ నరాలు పొంగాయి. ఇన్నాళ్లూ అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

"ఏందప్పా దుర్గప్పా ఇది? సర్కారు జాబితానా, పెండ్లి పత్రికనా? విరుపాక్షప్ప గారు. సిద్ధలింగప్ప గారు. పంపనగౌడు గారు. కలెక్టరు పేరైనా సర్కారు కాగితంలో ఉత్తదే ఉంటుంది. ఈ కాగితం పై ఆఫీసుకు పోతే నవ్వరా? అదీ అందరికీ పెట్టినావా అంటే లేదు. కింద తిమ్మమ్మకు లేదు. భీమక్కకు లేదు. ఈ మద్దమ్మకు లేదు. ఎవరికి పెట్టల్ల, ఎవరికి పెట్టగూడదు అని ఎవరు పంచిపెట్టినారు నీకు? ఊరూరికీ ఇదే కథ. ఇట్ల రాసేవాడికి పని వచ్చునని నేనెట్ల రాసేది?"

దుర్గప్ప కాగితం లాక్కున్నంత పని చేశాడు. చూశాడు. ఉన్నాయి. గౌడు పేరు పక్కన, రెడ్లందరి పేర్ల పక్కన, కరణం పేరు పక్కన ఆ రెండక్షరాలు ఉన్నాయి. తను రాసినట్టు అతనికి తెలియదు. ఎదురుగా ఉన్న సర్వే కాగితంలో లేని మాటను కన్ను చదివింది, చెయ్యి రాసింది. మెట్టు మీద కూర్చుని రెండుసార్లు చదివినా కనపడలేదు. ఆ పేర్లను అతను పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మాట లేకుండా పలికి ఎరగడు. గేరి వాళ్ల పేర్లు మాత్రం మొండిగా, ఎండిన మోడుల్లాగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"మద్దమ్మ ఎవరు?" అన్నాడు గోవిందయ్య, కోపం దిగక.

"మా అమ్మ సార్."

అప్పటికే దారినపడిన ఆయన కోపం ఆగలేదు. "మీ అమ్మకు లేని గారు విరుపాక్షప్పకు యాడ్నుంచి వచ్చింది?"

దుర్గప్ప చెవులు మండుతున్నాయి. ఆ మంటలోనే ఇంకొకటి కూడా తెలిసింది. ఈయన నువ్వు అంటున్నాడు.

"సర్కారు కాగితంలో ఎవరికీ గారు లేదు కదా సార్."

"లేదు."

"మరి సర్కారు కచేరీలో నాకొక్కడికే ఎందుకు పెట్టినారు?"

మగ్గాలు టకటకమంటూనే ఉన్నాయి. జయరాం నేల మీది చీమలను చూస్తున్నాడు. గోవిందయ్య కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు, శుభ్రంగా ఉన్నవాటినే చాలాసేపు తుడిచాడు. అద్దాలు లేని ఆయన మొహం దుర్గప్ప ఎప్పుడూ చూడలేదు. మనిషి ఉన్నట్టుండి ముసలివాడైపోయాడు.

అద్దాలు పెట్టుకుని ఆయన ఎర్రసిరా పెన్ను దుర్గప్ప చేతిలో పెట్టాడు.

"కొట్టెయ్. ఒక్కటి మిగిలినా నీ సంగతి చెప్తా. జయరాం, నువ్వు మూడో పేజీ పట్టు. ఇంకో మాట. నాకు తప్పు తప్పుగా కనపడితే రేపట్నుంచి విసిరి కొడతా. నెలాఖరుకు నేర్చుకోకుంటే రాదనే రాస్తా. ఏం?"

"సరే సార్."

ముగ్గురూ ఒకే బల్ల మీద వంగారు. భీమన్న సిరాబుడ్డి ఎత్తి పట్టుకున్నాడు. విరుపాక్షప్ప పేరు దగ్గర దుర్గప్ప పెన్ను ఆగింది. పక్కనుంచి జయరాం, "చేత కాకపోతే ఇట్లియ్యి, నేను కొడతా" అన్నాడు. "వద్దు" అని దుర్గప్ప గీత గీశాడు. గీత వంకరగా పోయింది.

"పిలిచేదెవరు?" అన్నాడు జయరాం. భీమన్న తన గొంతు చూపించి చేతులు తిప్పాడు.

"ఇతనే పిలుస్తాడు" అన్నాడు గోవిందయ్య. "వాళ్ల ఊరోళ్లే కదా."

రంగనాయకులు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దుర్గప్ప వరండా అంచున నిలబడ్డాడు. ఎదురుగా వేపచెట్టు కింద, ఎవరో తెచ్చి వేసిన బెంచీ మీద విరుపాక్షప్ప ఒక్కడే కూర్చున్నాడు. చుట్టూ ఆయన మనుషులు నిలబడి ఉన్నారు. దూరంగా గోడ నీడన ఆడవాళ్లు.

"పెద్దకడుబూరు విరుపాక్షప్ప, హాజర్."

గొంతు తనదేనా అనిపించింది. చెట్టు కింద మాటలు ఆగిపోయాయి. విరుపాక్షప్ప తల తిప్పి వరండా వైపు చూశాడు. మద్దమ్మ కొడుకును గుర్తుపట్టాడు. చూపు తిప్పుకుని ఎదుటి గోడకేసి చూడసాగాడు. ఆయన మనుషులు నేల చూపులు చూశారు.

"పెద్దకడుబూరు విరుపాక్షప్ప, హాజర్."

ఎవరూ కదలలేదు. ఇంకొక్క పిలుపు. దానికీ పలక్కపోతే ఆయన బావి గురించి, చేను గురించి చెప్పుకునేదేదీ కాగితం మీదికి ఎక్కదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. బెంచీ మీది మనిషికీ తెలుసు.

రంగనాయకులు ముందుకు వంగాడు. "దుర్గప్ప గారూ," అన్నాడు మెల్లగా, "ఒక గారు చేర్చి పిలవండి. పోయేదేముంది. పెద్దమనిషి."

దుర్గప్ప నాలుక అప్పటికే ఆ మాట కోసం తిరుగుతోంది. చేర్చడం ఎంత తేలికో అతనికి తెలుసు. గోవిందయ్య కేసి చూశాడు.

గోవిందయ్య దొర మొహం వైపు చూడలేదు. జాబితా మీద వేలు పెట్టి, "కాగితంలో ఎట్లుంటే అట్ల పిలువప్పా" అన్నాడు.

"పెద్దకడుబూరు విరుపాక్షప్ప, హాజర్."

బెంచీ కిర్రుమంది. విరుపాక్షప్ప లేచి కండువా దులిపాడు. "ఉండాను" అన్నాడు. నడిచి వచ్చి బల్ల ముందు నిలబడి, దుర్గప్పకు మాత్రమే వినపడేట్టు, "గొంతు బాగా లేచింది" అన్నాడు. తర్వాత దొర వైపు తిరిగి తన బావి లోతు చెప్పసాగాడు. చెట్టు కింద ఏ పిడుగూ పడలేదు. అదే దుర్గప్పకు నమ్మశక్యం కాలేదు.

సిద్ధలింగప్ప వచ్చాడు. పంపనగౌడు వచ్చాడు. పేజీ తిరిగింది. తిమ్మమ్మ వచ్చింది, భీమక్క వచ్చింది. ఆ కింది పేరు చూసి అతను ఆగిపోయాడు.

కన్నతల్లిని పేరు పెట్టి పిలిచే కొడుకు ఏ కులంలోనూ ఉండడు. గౌడు పేరు కొంచెం సేపటి కిందట నోట్లోంచి ఎట్లా వచ్చిందో వచ్చింది. ఇది రాదు. చూస్తే గోడ నీడన ఆమె, పక్కన ఉచ్చీరమ్మ. కొంగు సర్దుకుని కూర్చుని ఉంది.

"ఏమైందప్పా?" అన్నాడు గోవిందయ్య వెనకనుంచి. "కానీ. పొద్దెక్కుతాంది."

"పెద్దకడుబూరు మద్దమ్మ, హాజర్."

ఆమె కదలలేదు. నలుగురిలో అంత గట్టిగా తన పేరు వినడం ఆమెకు అదే మొదలు. ముందు వెనక్కి చూసింది. ఉచ్చీరమ్మ మోచేత్తో పొడిచింది. రెండో పిలుపుకు లేచింది. నిలబడ్డ మగవాళ్ల మధ్యనుంచి ఒదిగి ఒదిగి నడిచి వచ్చి, బల్లకు దూరంగానే ఆగి, చేతులు జోడించింది. కొడుకు మొహంలోకి చూసి, గేరిలో ఎన్నిసార్లు చెప్పుకుందో, ఎన్నిసార్లు అనుకుందో, ఆ మాట పొల్లు పోకుండా అన్నది.

"ఉండానండీ, దుర్గప్ప గారూ."

ఆమె గొంతులో ఎగతాళి లేదు. సర్కారు చోట ఇట్లానే అనాలి కదా, సరిగ్గా అన్నానా అన్నట్టు ఆమె గోవిందయ్య వైపు ఒకసారి చూసింది కూడా.

ఎవరూ నవ్వలేదు. జయరాం మొహం పక్కకు తిప్పుకున్నాడు. రంగనాయకులు ముందున్న కాగితాల అంచులు సమంగా సర్దాడు, సర్దినవే మళ్లీ సర్దాడు. ఆ మాట తన తల్లి నోట ఎంత దూరం నుంచి వచ్చిందో దుర్గప్పకు వినపడింది. వరండా అంచుకూ ఆమెకూ మధ్య నాలుగడుగులు. ఆమె ఎప్పుడూ అంత దూరంగా అనిపించలేదు. అతని చేతిలో పెన్ను అట్లాగే ఉండిపోయింది. కళ్లు మసకబారి జాబితాలోని గడులు ఒకదాంట్లోకి ఒకటి పోయాయి.

"చూస్తావేంది?" అన్నాడు గోవిందయ్య. "వచ్చింది కదా, గుర్తు పెట్టు."

దుర్గప్ప పెట్టాడు.

"ఆ గడిలో కాదప్పా. అది రానోళ్లది. కండ్లు యాడ పెట్టుకున్నావు? పక్క గడి, పక్క గడి."

మద్దమ్మ జోడించిన చేతులు విడిపోయాయి. ఆమె నాలుగడుగులు ముందుకు వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించింది.

"ఏందప్పా," అంది గోవిందయ్యతో, "నలుగురిలో నా కొడుకును అట్ల కసురుతాండావు?"

గోవిందయ్య తల ఎత్తాడు.

"తప్పు రాసినాడమ్మా."

"రాస్తే నిదానంగా సెప్పు. సెప్తే ఇంటాడు."

జయరాంకు ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటపడింది. "కానీ అన్నా, నిదానంగా చెప్పు" అన్నాడు గోవిందయ్యతో. గొంతు లేని భీమన్న గాలితోనే నవ్వాడు. దుర్గప్ప తల వంచుకుని, తప్పు గడిలో పెట్టిన గుర్తును కొట్టేసి, పక్క గడిలో పెట్టాడు.

"ఎంత భూమి, ఏం పంట, అడుగు మీ అమ్మను" అన్నాడు గోవిందయ్య, కొంచెం నిదానంగానే. "అడిగి తొందరగా రాయి. ఇంకా రెండూర్లుండాయి."